పులిని చూడబోయి...

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



సంక్రాంతికి అల్లుళ్ళు అత్తవారింటికి వెళ్ళడం మన ఆచారం. 2025 సంక్రాంతికి మేము మాత్రం పులిగారింటికి వెళ్ళాం. ఈ మాట నాది కాదు, మా అత్తగారిది. "పండగపూట ఎవరైనా గుడికి వెళతారు, పుట్టింటికి వెళతారు. డబ్బు పోసి పులి నోట్లో తల పెట్టడానికి వెళ్ళేవాళ్ళని మిమ్మల్నే చూశాను" అని అరిసెల పిండి కలుపుతున్నంతసేపూ ఆవిడ అంటూనే ఉన్నారు.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఆరో తరగతి. పులుల్ని టీవీలో చూడడమే గాని అడవిలో చూసింది లేదు. జూ పార్కులో చూశారనుకోండి, కానీ అది ఊచల వెనక మధ్యాహ్నం నిద్రపోతున్న పులి. "అడవిలో పులి ఎలా ఉంటుందమ్మా?" అని అమ్మాయి అడిగితే నేనేం చెప్పగలను? నేనూ చూడలేదు. మావారు మాట ఇచ్చేశారు. మగవాళ్ళు మాట ఇస్తారు, మూటలు కట్టేది మనం కదా!

మేము వెళ్ళింది మహారాష్ట్రలోని తాడోబాకి. సికింద్రాబాదు నుంచి ఢిల్లీ వైపు వెళ్ళే రైలెక్కి, కాజీపేట, మంచిర్యాల, కాగజ్‌నగర్ దాటితే బల్లార్షా వస్తుంది. ఆ పక్కనే చంద్రపూర్. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లలో మొహర్లీ గేటు. బొగ్గు గనుల్లోనూ కాగితం మిల్లులోనూ పనిచేయడానికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు బల్లార్షా, చంద్రపూర్‌లలో చాలామంది ఉన్నారు. అందువల్ల స్టేషను దగ్గర టీ దుకాణంలో కూడా తెలుగు వినిపిస్తుంది. పరాయి రాష్ట్రానికి వచ్చామన్న బెంగ ఉండదు.

వెళ్ళాలనుకునేవారికి రెండు ముక్కలు చెప్పాలి. తాడోబా అడవి నడిమి భాగానికి మంగళవారం సెలవు. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. 2025లో సంక్రాంతి సరిగ్గా మంగళవారం వచ్చింది. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమనాడు పొద్దున బయలుదేరాం. టిక్కెట్లు ముందుగానే కంప్యూటరులో తీసుకోవాలి. ఎవరి పేరున టిక్కెట్టు తీసుకున్నారో వారి గుర్తింపు కార్డు గేటు దగ్గర చూపించాలి. సొంత కారులో లోపలికి పోనివ్వరు. పైకప్పు లేని జిప్సీలో ఆరుగురిని కూర్చోబెడతారు. డ్రైవరు, గైడు అదనం. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. మేము మొత్తం మూడు విడతలకు తీసుకున్నాం. మా నలుగురితోపాటు మా జిప్సీలో పూనా నుంచి వచ్చిన పెద్దవయసు దంపతులున్నారు.

ఇక నా ఘనకార్యం వినండి. జనవరి నెల, తెల్లవారుజామున అడవిలో చలి ఎముకలు కొరికేస్తుందని చెప్పగా విని, నాకున్న వాటిలో మంచి స్వెట్టరు వేసుకున్నాను. అది మిరపపండు రంగు. తలలో పూలు, చేతిసంచిలో చేగోడీలు, అరిసెలు, జంతికలు. గేటు దగ్గర ఇంకా చీకటి వీడలేదు. మా గైడు వచ్చింది. అవునండీ, వచ్చింది! పాతికేళ్ళు కూడా ఉండవు, యూనిఫారం వేసుకున్న ఆడపిల్ల. తాడోబాలో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు గైడ్లుగా పనిచేస్తున్నారు. ఈమధ్య జిప్సీలు నడపడం కూడా నేర్చుకున్నారు. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నవ్వు ఆపుకుంటూ, తన హిందీలో "అమ్మా, మీ స్వెట్టరు మీద ఏదైనా కప్పుకోండి. తిండి సంచి కిందపెట్టి మూట విప్పకండి. మాటలు మెల్లగా" అంది. మావారి మట్టిరంగు శాలువా లాక్కుని కప్పుకున్నాను. మొబైలు ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. లోపలికి అనుమతి లేదు. మా అబ్బాయి ముఖం చూడాలి, ఒక అవయవం తీసి ఇచ్చినట్టు ఇచ్చాడు.

మొదటి విడత మూడున్నర గంటలు తిరిగాం. పులి కనిపించలేదు.

కానీ ఆ మూడున్నర గంటల్లో నాకు కళ్ళు తెరుచుకున్నాయంటే నమ్మండి. అడవి అంటే చెట్లు అనుకునేదాన్ని. అది ఒక పెద్ద ఊరు. టేకు, వెదురు ఎక్కువ. నడుమ నల్లమద్ది, ఇప్ప, తునికి, నేరేడు, మోదుగ. తెల్లటి నునుపైన బోదెతో ఒక చెట్టు, వెన్నెల్లో చూస్తే దయ్యమనుకుంటాం. అది తపసి చెట్టు. దాని బంకను కూడా తీసి అమ్ముతారట. చుక్కల దుప్పుల మందలు రోడ్డుపక్కనే మేస్తున్నాయి. వాటికి పైన కొమ్మలమీద కొండముచ్చులు. కొండముచ్చు సగం తిని పారేసిన ఆకులూ కాయలూ కింద దుప్పులు తింటాయి. ఊరికే కాదు. కొండముచ్చుకి పైనుంచి దూరం కనిపిస్తుంది, దుప్పికి వాసనా చప్పుడూ బాగా తెలుస్తాయి. పులి జాడ ఏ ఒక్కరికి తెలిసినా అరుస్తారు, రెండువైపులా బతుకుతారు. మన వాడల్లో కొత్తవాడెవడైనా తచ్చాడితే పై వాటాలో పిన్నిగారు కేకేసి కింద వాటావాళ్ళకి చెప్పడం లేదూ? అదే ఇది.

ఆ అరుపుల్లో కూడా తేడాలున్నాయి. దుప్పి దేనికైనా బెదిరి కూస్తుంది. కణుజు, అదే సాంబరు దుప్పి, ఊరికే నోరు విప్పదు. అది గట్టిగా ఒక్కసారి అరిచిందంటే పులినో చిరుతనో చూసే ఉంటుందని గైడు చెప్పింది. ఇసుకదారిలో జిప్సీ ఆపించి పులి అడుగు చూపించింది. నాలుగు వేళ్ళు, వెనక వెడల్పాటి మడమ. గోళ్ళ గుర్తు లేదు. పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. కుక్కజాతికి ఆ విద్య లేదు, దాని అడుగులో గోరు పడుతుంది. మగపులి అడుగు చతురంగా ఉంటుంది, ఆడపులిది కాస్త కోలగా ఉంటుంది. "ఇది ఆడది, రాత్రి వెళ్ళింది" అంది. ఎలా తెలిసిందని అడిగాను. "అడుగు మీద చిన్న పురుగులు నడిచిన చార ఉంది చూడండి" అంది. నేను ముగ్గు మీద చీమలు నడిచిన చారని రోజూ చూస్తాను. ఇంతకాలం దాంట్లో ఇంత కథ ఉందనుకోలేదు.

అడవిదున్నలు కూడా చూశాం. నల్లటి ఒళ్ళు, నాలుగు కాళ్ళకీ తెల్ల మేజోళ్ళు తొడిగినట్టుంటాయి. అవి మమ్మల్ని చూసిన చూపులో లక్ష్యమే లేదు. ఒకచోట గోండు రాజుల కాలంనాటివని చెప్పే రాతిస్తంభాలు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాయి. ఇంత అడవిలో కూడా ఒకప్పుడు మనుషులు వచ్చీ పోయీ ఉన్నారు.

తాడోబా అన్న పేరెలా వచ్చిందో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. లోపల పెద్ద చెరువుంది. ఎండలో మొసళ్ళు ఒడ్డున పడుకుని ఉంటాయి. ఆ ఒడ్డున ఒక పెద్ద చెట్టు కింద తారు అనే దేవుడి గుడి. తారు ఒకప్పుడు ఊరిపెద్ద అనీ, పులితో పోరాడి చనిపోయాడనీ, ఆదివాసీలు ఆయన్ని దేవుడిగా కొలుచుకుంటున్నారనీ కథ. పుష్యమాసంలో ఆయనకు జాతర చేయడం ఆనవాయితీ. అంటే ఈ అడవికి పేరిచ్చింది పులి కాదు. పులితో పోరాడి పోయిన మనిషి. ఆ సంగతి అప్పుడు విని ఊరుకున్నాను. తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఈ అడవిలో వేటని 1935లోనే మాన్పించారు. 1955లో జాతీయ ఉద్యానవనం అయింది. మహారాష్ట్రలో మొట్టమొదటిది ఇదే. దాని పక్కన అంధారి నది పేరున 1986లో అభయారణ్యం ఏర్పాటుచేశారు. 1995లో రెండూ కలిపి పులుల సంరక్షణ కేంద్రం చేశారు. నడిమి అడవే 625 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఊళ్ళూ పొలాలూ అడవీ కలిసిన మేర ఇంకా వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే ఉంది.

మధ్యాహ్నం రెండో విడత. మా అబ్బాయికి ఓపిక అయిపోయింది. "ఇంత డబ్బు పోసి జింకల్ని చూడ్డానికి వచ్చామా? పులి కనిపించకపోతే డబ్బు వాపసు ఇవ్వాలి" అన్నాడు. వాడన్నది తెలుగులోనే గాని, డబ్బు అన్న మాట ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. గైడు కోప్పడలేదు. కాస్త దూరం వెళ్ళాక జిప్సీ ఆపించింది. ముందు పెద్ద గడ్డిమైదానం. దుప్పులు వందల్లో మేస్తున్నాయి. "ఇక్కడ ఊరుండేది. మా అమ్మమ్మ పెళ్ళయి వచ్చింది ఇలాంటి ఊరికే. అదిగో ఆ చింతచెట్టు ఊళ్ళోవాళ్ళు వేసిందే" అంది.

అడవి లోపలున్న నవేగావ్, జామ్ని వంటి ఊళ్ళను ప్రభుత్వం బయటికి తరలించింది. ఇళ్ళున్న చోట గడ్డి పెరిగింది. గడ్డికోసం జింకలొచ్చాయి. జింకలకోసం పులులొచ్చాయి. ఇప్పుడు మాలాంటివాళ్ళం పులులకోసం వస్తున్నాం. "మీ అమ్మమ్మగారికి బాధగా లేదూ?" అన్నాను. "ఉండదా అమ్మా? బయటికొచ్చాక బడి దగ్గర, ఆస్పత్రి దగ్గర. నాకు ఈ ఉద్యోగం వచ్చింది. కానీ ఇప్పటికీ ఇప్పపువ్వు రాలే రోజుల్లో అమ్మమ్మ ఈ చెట్ల లెక్క చెబుతుంది" అంది.

పుట్టింటి పెరట్లో ఏ చెట్టు ఎక్కడుందో మనలో ఎవరు మరిచిపోతాం చెప్పండి!

అమ్మ ఏం చేస్తుందని అడిగాను. "ఎండాకాలం తునికాకు కోస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళందరం కోసేవాళ్ళమే. తెల్లారకముందే వెళితేనే ఎండ ముదిరేలోపు కట్టలు కట్టగలం. పులి తిరిగే వేళా అదే" అని, ఆ మాటని అక్కడే వదిలేసి, అదిగో నెమలి అని చూపించింది. బీడీ చుట్టేది ఈ తునికాకుతోనే. ఆ ఆకు డబ్బులు ఇంటికి వానాకాలపు ఖర్చుకు ఆధారం. మా అబ్బాయి ఆ పూట మళ్ళీ డబ్బు మాట ఎత్తలేదు.

పులి ఆ పూటా కనిపించలేదు.

మర్నాడు మూడో విడత. గంటన్నర తిరిగాక ఎక్కడో కణుజు అరిచింది, ఒక్కసారే. గైడు చేయెత్తింది. డ్రైవరు ఇంజను ఆపాడు. అంత నిశ్శబ్దం నేను ఇంట్లో అర్ధరాత్రి కూడా ఎరగను. మా అమ్మాయి నా చేయి పట్టుకుంది. వెదురుపొద కదిలింది. ఒక ఆడపులి తాపీగా బయటికొచ్చి, రోడ్డు మధ్య ఆగి, మావైపు కాక వెనక్కి చూసింది. ఇంకోటి వచ్చింది, తల్లంతే ఉంది కానీ నడకలో దుడుకు. పిల్ల. తల్లి దాన్ని ముందు దాటించి, తరవాత తాను దాటింది. అంతే. రెండు నిమిషాలు కూడా ఉండదు.

నాకు భయం వేయలేదు. చెబితే నవ్వుతారేమో, నాకు ముందు గుర్తొచ్చింది బడి దగ్గర మా పిల్లల్ని రోడ్డు దాటించడం. ఆడపులి పిల్లల్ని ఒకటిన్నర, రెండేళ్ళు దగ్గర పెట్టుకుని వేట నేర్పి పంపేస్తుందిట. తండ్రి పెంపకం చూడడు. కొంతమంది ఇళ్ళలోలాగే, అన్నాను. మావారు వినిపించుకోనట్టు ఊరుకున్నారు.

ఆ రెండు నిమిషాలు ఎలా గడిచాయో కూడా చెప్పాలి. కబురు ఎలా తెలిసిందో గాని నాలుగువైపులనుంచి జిప్సీలు వచ్చేశాయి. "అరె, కనబడ్డంలేదు, ముందుకు పో" అని కేకలు. ఆ కేకల్లో మావారి గొంతూ ఉంది, దాచడం ఎందుకు? గైడు వేలు పెదవిమీద పెట్టుకుని అందరినీ బతిమాలుతోంది. పూనా నుంచి వచ్చిన పెద్దావిడ మాత్రం కళ్ళు మూసుకుని కూర్చుంది. తరవాత అడిగితే, "పులి వెళ్ళాక దుప్పులు మళ్ళీ మేత మొదలుపెట్టే చప్పుడు నాకిష్టం. ఈ గోలలో వినబడలేదు" అంది. ఆవిడకిది ఎన్నోసారో లెక్కలేదుట.

తిరిగొచ్చాక గేటు దగ్గర అందరూ ఆ పులి ముచ్చటే. దానికో పేరుంది. దాని తల్లి పేరు, అమ్మమ్మ పేరు కూడా అక్కడివాళ్ళకు తెలుసు. మనుషుల వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. అడవిలో చెట్లకి కెమెరాలు కట్టి, ఆ చారల్ని బట్టే పోలుస్తారు, లెక్కపెడతారు. మా అమ్మాయి ఆ పేర్లన్నీ పుస్తకంలో రాసుకుంది.

నా ప్రసంగం ఇక్కడితో అయిపోవలసింది. కానీ వచ్చేదారిలో కాగజ్‌నగర్‌లో దిగాం. అక్కడ మా పిన్ని ఉంది. చిన్నాన్న కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని పిల్లలు పులి కథ చెబుతున్నారు. పక్క ఊరినుంచి పిన్నికి చిక్కుడుకాయలు తెచ్చి ఇచ్చే ఒకామె గట్టుమీద కూర్చుని వింటోంది. అంతా విని నావైపు తిరిగి, "ఏందమ్మా, పులిని జూడనీకి పైసలిచ్చి పోయిన్రా? మాకాడ పైసలియ్యకున్నా అదే ఒస్తది" అంది.

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

ఆ ఊళ్ళకు పులులు కొత్త కాదు. తాడోబాలో పులులు పెరిగేకొద్దీ, తల్లిని విడిచిన పడుచు పులులు సొంత చోటు వెతుక్కుంటూ వార్ధా, ప్రాణహిత నదులు దాటి ఆసిఫాబాదు జిల్లా అడవుల్లోకి వస్తున్నాయి. అలా వచ్చిన ఒక ఆడపులికి అటవీశాఖ సిబ్బంది ఫల్గుణ అని పేరు పెట్టుకున్నారు. అది 2015 తరవాత కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లల్ని పెట్టింది. మంచిమాటే. కానీ 2020 నవంబరులో ఈ జిల్లాలోనే ఒక యువకుడూ, పత్తి చేలో ఉన్న ఒక యువతీ పులి దాడిలో చనిపోయారు. మేము వెళ్ళడానికి నెలన్నర ముందు, 2024 నవంబరు 29న, కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న 21 ఏళ్ళ పిల్లని పులి చంపేసింది. మర్నాడే పక్క మండలంలో ఒక రైతు గాయపడ్డాడు. పత్తి ఏరే రోజులు, చేను వదిలి ఇంట్లో కూర్చుంటే ఏడాది తిండి పోతుంది. అందుకని గుంపులుగా వెళ్ళమనీ, పొద్దెక్కాక వెళ్ళి పొద్దుండగానే వచ్చేయమనీ అధికారులు చెప్పారు. మనిషి ముఖం అచ్చువేసిన ముసుగులు పంచిపెట్టారు. అవి తల వెనకవైపు తగిలించుకోవాలి. పులి వెనకనుంచి వచ్చి పడుతుంది కాబట్టి, ముఖం తనవైపే చూస్తోందనుకుంటే జంకుతుందని.

ఆమె దగ్గర ఆ ముసుగు ఉంది. సంచిలోంచి తీసి చూపించింది. నవ్వుతున్న ముఖమూ కాదు, ఏడుస్తున్న ముఖమూ కాదు. "పెట్టుకుంటావా?" అన్నాను.

"పెట్టుకుంట. కని పత్తి ఏరుడంటె వంగాలె గద. వంగితె ఈ మొఖం మొగులు దిక్కు జూస్తది" అంది.

వంగి పనిచేసే మనిషి పులికి మనిషిలా కనిపించదని తరవాత తెలిసింది. నాలుగు కాళ్ళ జంతువేమో అనుకుంటుందిట. ఆలోచించండి. కలుపు తీసేది, నాట్లు వేసేది, పత్తి ఏరేది, తునికాకు కోసేది, ఇప్పపువ్వు ఏరేది, కట్టెలు తెచ్చేది ఎవరు? వంగి చేసే పనులన్నీ చాలావరకు ఆడవాళ్ళవే.

మా అబ్బాయి అడిగాడు, "మరి పులిని చంపేయమంటారా?" అని. చిన్నపిల్లలు సూటిగా అడుగుతారు. ఆమె కాసేపు చిక్కుడుకాయల బుట్ట సర్దుకుంది. "సంపుడెందుకు బిడ్డా? అడివి దానిదే. చేను మాది. గది ఎవలన్న దానికి జెప్తె మంచిగుండు" అని లేచి, పొద్దు గూకకముందే పోవాలని గబగబా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మిరపపండు స్వెట్టరు మీద పులికోసం శాలువా కప్పుకున్నాను. ఆమె ప్రాణంకోసం తలవెనక ముసుగు కట్టుకుంటోంది. రెండూ ఒకే అడవి. మధ్యలో ఒక నది మాత్రం ఉంది.

పులి అక్కర్లేదని నేను చెప్పబోవడం లేదు. 1972 లెక్కల్లో దేశం మొత్తంమీద 1827 పులులే మిగిలాయని తేలితే, 1973లో పులుల సంరక్షణ పథకం మొదలుపెట్టారు. 2006లో కొత్త పద్ధతిలో లెక్కిస్తే 1411 అనే తేలింది. 2022 లెక్కల ప్రకారం సగటున 3682 అని అంచనా. ఇది చిన్న విజయం కాదు. పులి ఉన్నచోట అడవి ఉంటుంది, అడవి ఉన్నచోట వాగులు పారతాయి. మన కుళాయిలో నీళ్ళ మూలం కూడా ఎక్కడో ఒక అడవిలోనే ఉంటుంది. అయితే ఈ విజయం ఖర్చు ఎవరి పద్దులో పడుతోందో అదికూడా చూడాలి కదా? ఇల్లు నడిపే ఆడవాళ్ళం, పద్దు చూడ్డం మనకి తెలియని విద్య కాదు. 2025 మే నెలలో ఆసిఫాబాదు జిల్లా అడవుల్ని పులుల దారిగా కాపాడాలని తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. తమ భూములూ బతుకులూ ఏమవుతాయని ఆదివాసీలు ఆందోళన చేస్తే జూలైలో దాన్ని నిలిపి ఉంచింది. రెండువైపులా న్యాయముంది. అందుకే అది అంత చిక్కు.

మీరు వెళ్ళకండి అని కూడా అనను. తప్పకుండా వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. మట్టిరంగు, ఆకురంగు బట్టలు కట్టుకోండి. దుమ్ముకి తలగుడ్డ, చలికి రెండు పొరలు. అత్తరూ పూలూ వద్దు. గేటు దగ్గరే కాలకృత్యాలు తీర్చుకోండి, లోపల దిగనివ్వరు. తినే వస్తువేదీ జంతువులకి వేయకండి, కాగితం ముక్క కూడా కింద పడేయకండి. పులి దగ్గరికి పోనివ్వమని డ్రైవరుకి చేతిలో డబ్బు పెట్టకండి. మీ జిప్సీలో ఎవరైనా కేకలేస్తే, వారు మీవారే అయినా సరే, మోచేత్తో ఒక్క పోటు పొడవండి. రాత్రి బస ఆ ఊళ్ళలో ఇళ్ళవాళ్ళు నడిపే చోట చేస్తే, ఆ డబ్బు పులి పక్కన బతికేవాళ్ళకే చేరుతుంది. ఇవన్నీ మన చేతిలో ఉన్నవే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మేము తిరిగొచ్చిన నాలుగు నెలలకి, 2025 మే 10న, చంద్రపూర్ జిల్లాలో తునికాకు కోయడానికి వెళ్ళిన ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోజు పులి దాడిలో చనిపోయారు. మర్నాడు మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతూ నన్ను పిలిచారు. పులి నోట్లో తల పెట్టడానికి వెళుతున్నారని ఎగతాళి చేసిన మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి, "మీ గైడు పిల్ల తల్లి తునికాకు కోస్తుందన్నావే, ఈ ముగ్గురిలో ఆవిడ లేదు కదా?" అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. మా అమ్మాయి పుస్తకంలో ఆ పులి పేరుంది, దాని తల్లి పేరుంది, అమ్మమ్మ పేరుంది. మూడు విడతలు మమ్మల్ని కనిపెట్టుకుని తిప్పిన ఆ పిల్ల తల్లి పేరు, ఊరి పేరు మేమెవ్వరం అడగలేదు.

మీరు వెళ్ళినప్పుడు అడగండి.